పడవ వెన్నుకి తగిలే దెబ్బలు

మే నెల వచ్చిందంటే మిన్నెసోటాలో మన తెలుగువాళ్ళ గరాజుల్లోంచి కూడా పడవలు బయటికొస్తున్నాయి. ఇల్లు, కారు, పిల్లల సాకర్ అయ్యాక తరవాతి మజిలీ పడవే. ఇది పదివేల సరస్సుల రాష్ట్రమని కారు నంబరు ప్లేటు మీదే రాసి ఉంటుంది. పది ఎకరాలు దాటినవి లెక్కపెడితే 11,842 అట. అన్ని నీళ్ళ మధ్య ఉంటూ ఎన్నాళ్ళని ఒడ్డున కూర్చుంటాం! కొత్త పడవ ధర చూస్తే గుండె జారుతుంది కాబట్టి, పదిహేనిరవై ఏళ్ళ పాత ఫైబర్‌గ్లాస్ పడవనే ట్రెయిలరుతో సహా కొంటారు. కొనేముందు ఇంజను స్టార్ట్ చేయించి వింటారు, సీట్లు నొక్కి చూస్తారు, స్పీకర్లలో పాట పెట్టి చూస్తారు. నేల మీద వెల్లకిలా పడుకుని దాని అడుగు చూసేవాళ్ళు మాత్రం చాలా తక్కువ.

నేను రాయబోయేది ఆ అడుగు గురించే. అడుగున సరిగ్గా మధ్యలో, ముక్కు నుంచి వెనకదాకా వెన్నెముకలా పోయే భాగాన్ని కీల్ అంటారు. తెరచాప పడవలకి కింద వేలాడే బరువైన రెక్కనీ కీల్ అనే అంటారు గానీ, నేను చెప్పేది అది కాదు. మన మోటారు పడవ అడుగు ఇంగ్లీషు ‘వీ’ అక్షరంలా ఉంటుంది కదా, ఆ రెండు పక్కలూ కలిసే మొన. పడవ ఇసుకని తాకినా, రాయిని తాకినా, ట్రెయిలరు ఇనుముని తాకినా మొదటి దెబ్బ దానికే. (కీల్‌కి బహువచనం కీళ్ళు అనుకుంటే సరిపోతుంది. నొప్పులు కూడా సరిపోతాయి.)

ఆ మొన మీద పైకి కనిపించే నున్నటి తెల్లటి పొరని జెల్‌కోట్ అంటారు. దాని మందం సుమారు అర మిల్లీమీటరు, అంతే. దాని వెనక రెసిన్‌లో తడిసి గట్టిపడిన గాజు గుడ్డ పొరలు ఉంటాయి. బలమంతా ఆ పొరలది. నీళ్ళని బయట ఆపే పని జెల్‌కోట్‌ది. మన ఒంటికి చర్మం ఎలాగో అలాగన్న మాట. చిక్కేమిటంటే, అచ్చులో పడవ పోసేటప్పుడు కీల్ లాంటి ఇరుకు మూలలోకి గాజు గుడ్డ పూర్తిగా ఒదగకపోవచ్చు. జెల్‌కోట్‌కీ గుడ్డకీ మధ్య చిన్న గాలి బుడగ మిగిలిపోతుంది. అలాంటి చోట చిన్న దెబ్బకే చర్మం పెంకులా ఊడివస్తుంది.

జెల్‌కోట్ మీద గీతలు మాత్రమే పడితే కంగారు పడక్కర్లేదు. వేలితో తడిమినప్పుడు గరుకుగా, వెంట్రుకల్లాంటి గాజు పోగులు తగిలితే మాత్రం అది గాయమే. ఆ పోగుల వెంబడి నీళ్ళు, దీపపు వత్తిలో నూనె పాకినట్టు, లోపలికి పాకుతాయి. పాత పడవల్లో అడుగుకి బలంగా నిలువునా వేసే దూలాలు, ఇంజను మోసే వెనక గోడ చాలావాటిలో ప్లైవుడ్‌వే, పైన ఫైబర్‌గ్లాస్ కప్పి ఉంటారు. తడి అక్కడిదాకా చేరితే చెక్క నిశ్శబ్దంగా కుళ్ళుతుంది. మా దగ్గర దానికి తోడు చలికాలం ఒకటి. నీళ్ళు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి. అక్టోబరులో పొరల మధ్య ఇరుక్కున్న చెంచాడు నీళ్ళు ఏప్రిల్‌కల్లా ఆ పొరల్ని విడదీసి పెడతాయి. ఆ పడవ మీదే మన పిల్లలు కూర్చుని గంటకి ముప్పై మైళ్ళ వేగంతో అలల మీద ఎగిరెగిరి పడుతుంటారు కాబట్టి ఇది అందచందాలకి సంబంధించిన విషయం కాదు.

అసలీ దెబ్బలు ఎలా తగులుతాయి? అందరూ రాళ్ళని తిడతారు గానీ, నా అంచనాలో ఎక్కువ పాపం ఇసుకది, ట్రెయిలరుది.

ఇసుక మెత్తగా ఉంటుందనుకుంటాం. అరికాలికి మెత్తగానే ఉంటుంది. కానీ ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద దాని అంకె ఏడు. గాజుది ఐదున్నర, ఆరు మధ్య. జెల్‌కోట్ గాజుకన్నా చాలా మెత్తన. అంటే ఇసుక ఒడ్డున పడవని ఆపడమంటే ఉప్పుకాగితం మీద పెట్టడమే. పెట్టి ఊరుకున్నా పరవాలేదు. మనం దాన్ని సగం నీళ్ళలో, సగం ఇసుక మీద వదిలేసి పులిహోర తినడానికి వెళ్తాం. దూరంగా పోయే ప్రతి పడవా ఒక అల పంపుతుంది. ప్రతి అలా మన పడవని అంగుళం పైకి లేపి కింద పడేస్తుంది. మధ్యాహ్నం మూడు గంటల సేపు అది అలా నూరుకుంటూనే ఉంటుంది.

మన తీరంలో మత్స్యకారులు ఇలా చెయ్యరు. ఉప్పాడలోనో భీమిలిలోనో కాసేపు నిలబడి చూసినవాళ్ళకి తెలుస్తుంది. వేట నుంచి వచ్చిన పడవ అల చూసుకుని ఒక్క ఊపున ఒడ్డెక్కుతుంది. ఎక్కిన వెంటనే పదిమంది కలిసి దాన్ని నీళ్ళు అందని చోటికి లాగేస్తారు. సగం లోపల, సగం బయట ఉంచడమన్నది లేదు. పాతకాలం పడవల కట్టుబడి కూడా ఈ ఒడ్డుకి తగ్గట్టే ఉండేది. మసూలా పడవకి మేకులుండేవి కావు, లోపల పక్కటెముకల్లాంటి చెక్కలూ ఉండేవి కావు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. అల కొట్టినా, ఇసుక కొట్టినా పలకలు కాస్త వంగి సర్దుకునేవి. రేవు కట్టకముందు మద్రాసులో ఓడలు దూరంగా నిలబడితే మనుషుల్నీ సరుకుల్నీ ఒడ్డుకి చేర్చింది ఇవే. తెప్ప సంగతి ఇంకా తేలిక. దుంగల్ని తాడుతో కట్టి వేటకెళ్ళడం, వచ్చాక విప్పి ఆరబెట్టుకోవడం. ఫైబర్‌గ్లాస్ పడవ వంగదు, విప్పుకోదు. ఇప్పుడు మన తీరంలోనూ ఫైబర్ బోట్లే ఎక్కువ కనిపిస్తాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రోజుల్లో ఒడ్డున వలలతో పాటు బోట్ల మరమ్మతులు జోరుగా సాగుతాయి. ఏడాదికోసారి అడుగు చూసుకోవడమన్న అలవాటు వాళ్ళకి అలా కుదిరింది. మనకేమో చలికాలం టార్పాలిన్ కప్పేసి మరిచిపోవడం కుదిరింది.

ఇక ట్రెయిలరు. మా చుట్టుపక్కల కనిపించే చాలా ట్రెయిలర్ల మీద పడవ బరువుని మోసేవి రెండు పొడవాటి చెక్కలు, వాటిని బంకులంటారు. వాటికి కార్పెట్ చుట్టి ఉంటుంది. మధ్యలో కీల్‌కి దారి చూపించడానికి రబ్బరు రోలర్లు ఉంటాయి. కార్పెట్ అరిగితే కింద స్క్రూ తలకాయలు బయటపడతాయి. రబ్బరు ఎండి పగిలితే లోపలి ఇనుప కడ్డీ కీల్‌ని తాకుతుంది. రెండూ అరచేత్తో తడిమితే తెలిసిపోయేవే. బంకుల ఎత్తు తగ్గితే బరువంతా ఒకటో రెండో రోలర్ల మీద పడి, అక్కడ కీల్ నొక్కుకుపోతుంది. ఈ రకం ట్రెయిలర్లో బరువు బంకులది, రోలర్లది దారి చూపే పని మాత్రమే, ఆ పంపకం తారుమారు కాకూడదు. బంకులు పడవ వెనక అంచుదాకా ఉన్నాయో లేదో కూడా చూడండి. పొట్టిగా ఉంటే ఇంజను బరువుకి అడుగు వంకరపోతుంది. మీది అల్యూమినియం పడవ అయితే బంకులకి రసాయనం పట్టించిన చెక్క వాడకండి. అందులోని రాగి తడిలో అల్యూమినియాన్ని తినేస్తుంది.

పడవని ట్రెయిలరు మీదికి ఎక్కించే పద్ధతిలోనూ ఉంది కొంత. ట్రెయిలరు నీళ్ళలోకి చాలినంత దిగకపోతే కీల్ ముందుగా అడ్డ ఇనుప కమ్మీని గుద్దుతుంది. మరీ లోతుగా దిగితే పడవ పక్కకి తేలి, పైకి లాగేటప్పుడు ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటుంది. బంకుల్లో మూడింట రెండు వంతులు మునిగేలా ఉంచి, మిగతాది విన్చితో లాగడం నా అలవాటు. వెనక ఇంకెవరో హారన్ కొడుతున్నారని ఇంజను బలంతో పడవని ట్రెయిలరు మీదికి తోసేవాళ్ళున్నారు. ఆ నీటి తాకిడికి ర్యాంపు చివర గుంట పడుతుంది, ఆ మట్టంతా కాస్త వెనకాల దిబ్బ కడుతుంది. ఆ దిబ్బకి గీసుకునేది తరవాత వచ్చేవాడి కీల్.

ఇదంతా ఇంత వివరంగా చెప్పడానికి కారణం మా బావమరిది కొనబోయిన పడవ. పద్ధెనిమిది అడుగులది, ధర బాగుంది, పైన మెరిసిపోతోంది. ఫోటో పంపించి, “చూడు బావా, కీల్‌కి కొత్త గార్డు కూడా వేయించాడు” అన్నాడు. కీల్ గార్డు అంటే కీల్ మీద అంటించే మందపాటి ప్లాస్టిక్ పట్టీ. పాత పడవకి కొత్త పట్టీ అనగానే నాకు అనుమానమొచ్చింది. శనివారం వెళ్ళి కింద దూరాం. పట్టీ వెనక చివర కొద్దిగా లేచి ఉంది. అమ్మేవాణ్ణి అడిగి వేలితో ఇంకాస్త లేపితే గోధుమరంగు నీళ్ళు మోచేతి దాకా కారాయి. మూడు వారాలుగా పడవ డ్రైవ్‌వేలోనే ఉందని అతనే చెప్పాడు. మరి ఆ నీళ్ళెక్కడివి? గాయాన్ని బాగుచెయ్యకుండా, ఆరబెట్టకుండా, పైన పట్టీ అంటించేశారు. కట్టు కింద పుండు కుళ్ళినట్టే.

అలాంటప్పుడు చెయ్యదగ్గ పరీక్షలు రెండు. ఒకటి, ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్ పిడితో కీల్ పొడవునా తట్టుకుంటూ పోవడం. మంచి చోట ఖంగుమంటుంది, పొరలు విడిపోయిన చోట బొదబొదలాడుతుంది. పుచ్చకాయ కొన్నవాళ్ళకి వేరే శిక్షణ అక్కర్లేదు. రెండోది, యజమాని ఒప్పుకుంటే, లోపలి వైపు నుంచి దూలంలోకి సన్నటి రంధ్రం వేసి పొట్టు చూడటం. తెల్లగా పొడిగా వస్తే పరవాలేదు, నల్లగా తడిగా వస్తే ఇంటికి బయల్దేరడమే. మావాడి అదృష్టం, దూలాలు పొడిగానే ఉన్నాయి. దెబ్బ ముక్కు దగ్గర రెండడుగుల మేరకే పరిమితమైంది. ధర బాగా తగ్గించి అడిగితే అమ్మేవాడు నీళ్ళ మరక వైపొకసారి చూసి ఒప్పుకున్నాడు. ఒక షాపులో మరమ్మతుకి చెప్పిన అంకె దాదాపు పడవ ధరలో సగం. దాంతో మా గరాజులో మూడు వారాంతాలు పోయాయి.

మొట్టమొదటి విషయం, పడవ కింద దూరే ముందు దాన్ని జాకీ మీద నమ్మి వదలకండి. దళసరి చెక్క దిమ్మెలు పేర్చి, స్టాండ్లు పెట్టి, ఊపి చూసుకుని దూరండి. రోలరు అడ్డొచ్చే చోట పని చెయ్యాలంటే ముక్కుని కాస్త లేపి దిమ్మె మీద ఆనించి, రోలరు తీసేసుకోవాలి.

తరవాత కడగడం. ఇక్కడ వరస ముఖ్యం. ముందు సాల్వెంట్‌తో మైనం, జిడ్డు తుడిచి, ఆ తరవాతే గ్రైండర్ పెట్టాలి. ముందే గ్రైండర్ పెడితే ఆ మైనాన్ని గాజు పోగుల్లోకి రుద్దినట్టవుతుంది, ఇంక ఏ రెసినూ అతుక్కోదు. గాజు దుమ్ము ఒంటికి తగిలితే రెండ్రోజులు దురద, ఊపిరితిత్తుల్లోకి పోతే అంతకన్నా చెడ్డది. మంచి రెస్పిరేటర్, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పవు. విడిపోయిన పొరలన్నీ పోయి గట్టి గాజు తగిలేదాకా అరగదియ్యాలి. గుంట అంచుల్ని నిటారుగా వదలకుండా, లోతుకి పన్నెండు రెట్ల వెడల్పున ఏటవాలుగా చెయ్యాలి. మూడు మిల్లీమీటర్ల లోతుంటే చుట్టూ 36 మిల్లీమీటర్ల వాలు. చిన్న చిల్లు కోసం ఇంత పెద్ద పళ్ళెం తవ్వడం చూసి మా బావమరిదికి చెమటలు పట్టాయి గానీ, కొత్త పొర పాతదాన్ని పట్టుకునేది ఆ వాలు మీదే.

ఆరబెట్టడానికి తొందరపడకూడదు. ఫ్యాను, వేడి దీపం పెట్టి పది రోజులు వదిలేశాం. పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కని టేపుతో గాయం చుట్టూ అంటించి రాత్రంతా ఉంచితే, పొద్దున దాని లోపల చెమ్మ కనిపిస్తోందో లేదో తెలుస్తుంది. కనిపించినన్నాళ్ళూ ఆగాల్సిందే.

పడవ మొదట తయారైంది పాలియెస్టర్ రెసిన్‌తోనే అయినా, మరమ్మతుకి నేను ఎపాక్సీ వైపే. ఎండిపోయిన పాత పొరని ఎపాక్సీ పట్టుకున్నట్టు పాలియెస్టర్ పట్టుకోదు. ధర ఎక్కువ, నిజమే, కానీ రెండడుగుల పనికి ఎంతవుతుంది? ఎపాక్సీతో మన ఇంజనీర్లకి వచ్చే తంటా ఒకటుంది. పాలియెస్టర్‌లో హార్డెనర్ ఒకటి రెండు శాతం మధ్య కాస్త అటూ ఇటూ చేసి వేగం మార్చుకోవచ్చు. ఎపాక్సీలో అలా కుదరదు. డబ్బా మీద ఐదుకి ఒకటి అని ఉంటే ఐదుకి ఒకటే. తొందరగా గట్టిపడాలని ఇంకాస్త పోస్తే ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది. కలిపాక లోతు డబ్బాలో ఉంచితే తన వేడికి తనే పొగలు కక్కుతుంది కూడా, వెడల్పాటి పళ్ళెంలో పొయ్యండి.

గాజు గుడ్డల్లో పోగులు 45 డిగ్రీల కోణంలో పోయే బయాక్సియల్ రకం కీల్ మొన మీద చక్కగా వంగుతుంది. పోగుల్ని అడ్డదిడ్డంగా పరిచి అతికించిన మామూలు మ్యాట్ ఎపాక్సీకి వద్దు. ఆ మ్యాట్‌ని పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్‌లోని స్టైరీన్‌కి కరుగుతుంది గానీ ఎపాక్సీకి కరగదు, గుడ్డ సరిగ్గా తడవదు. పని తలకి పైన కాబట్టి రెసిన్ మొహం మీద కారుతుంది. మేం చేసిందేమిటంటే, బల్ల మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మీద గుడ్డని తడిపి, కాగితంతో సహా ఎత్తి కీల్‌కి అద్ది, కాగితం ఒలిచేశాం. మా అమ్మ బొబ్బట్టు పెనం మీద వేసే పద్ధతే. ముందుగా సిలికా పొడి కలిపి చిక్కబరిచిన ఎపాక్సీ కాస్త పూస్తే గుడ్డ జారకుండా కూర్చుంటుంది. పొర మీద పొర నాలుగు వేశాం, ఒక్కోటీ కిందటిదానికన్నా కాస్త వెడల్పు. నొక్కి బుడగలు తీసెయ్యడానికి చిన్న రోలరు కొనండి, ఆ డబ్బు దండగ కాదు.

గట్టిపడ్డ ఎపాక్సీ మీద కొన్నిసార్లు మైనంలాంటి పలచటి జిడ్డు పొర తేలుతుంది. దాన్ని ముందు నీళ్ళతో, గరుకు ప్యాడ్‌తో కడిగి, ఆ తరవాతే ఉప్పుకాగితం పట్టాలి. మళ్ళీ అదే వరస, కడిగి, ఆ పైన రాకడం. చివర్న మళ్ళీ జెల్‌కోట్ వెయ్యాలని మా బావమరిది పట్టుబట్టాడు. ఎపాక్సీ మీద మామూలు జెల్‌కోట్ సరిగ్గా పట్టకపోయే ప్రమాదం ఉంది, పైగా ఆ చోటు చేపలకి తప్ప ఎవరికీ కనిపించదు. ఎపాక్సీ బారియర్ కోట్ వేసి ఊరుకున్నాం. రంగు కలవాలని పట్టుదల ఉన్నవాళ్ళు మొదటినుంచీ వినైల్‌ఎస్టర్ రెసిన్‌తో పని చేసుకోవడం మేలు.

ఇప్పుడొస్తుంది గార్డు వంతు. గాయం మానిన చర్మం మీద అది మంచి వస్తువు. వెనక గట్టి జిగురు టేపుతో వచ్చే పాలిమర్ పట్టీలు రకరకాల పేర్లతో దొరుకుతాయి. అంటించేటప్పుడు వెచ్చగా ఉండాలి, 20 డిగ్రీల సెల్సియస్ పైన ఉన్న రోజు చూసుకోండి. కింద రంగు పూర్తిగా గట్టిపడి ఉండాలి, ఎందుకంటే టేపు పట్టుకునేది ఆ రంగుని, రంగు ఊడితే పట్టీ కూడా ఊడుతుంది. ఆల్కహాల్‌తో తుడిచి, మధ్య గీత సుద్దముక్కతో గీసుకుని, ఒకరు పట్టుకుంటే ఒకరు అదుముతూ పోవాలి. ఆ రకం జిగురు పూర్తి బలానికి రావడానికి దాదాపు 72 గంటలు పడుతుంది. అన్నాళ్ళు పడవ నీళ్ళ మొహం చూడకూడదు. పట్టీని వెనక అంచుదాకా లాక్కుపోకండి, ప్రొపెల్లర్‌కి వెళ్ళే నీళ్ళు చెదురుతాయి. ముక్కు దగ్గర ఇసుకని తాకే భాగం కప్పితే చాలు. ఏడాదికోసారి చివర్లు వేలితో లేపి చూడాలి.

గార్డు ఉంది కదా అని రోజంతా ఇసుక మీద వదిలెయ్యడానికి లేదు. మోకాలి లోతులో ఆపి, ముక్కు వైపు ఒక లంగరు ఒడ్డున పాతి, వెనక వైపు ఇంకొకటి నీళ్ళలో దూరంగా వేస్తే పడవ అలకి తేలుతూ ఉంటుంది, నేలకి తగలదు. సాయంత్రం ర్యాంపు దగ్గర డ్రెయిన్ ప్లగ్ తీసినప్పుడు ఎన్ని నీళ్ళు వచ్చాయో చూడటం అలవాటు చేసుకోండి. మిన్నెసోటాలో సరస్సు నుంచి వెళ్ళేటప్పుడు ప్లగ్ తియ్యడం ఎలాగూ చట్టమే, ఒక నీటి జీవులు ఇంకో సరస్సుకి పాకకుండా. ఎప్పుడూ గ్లాసెడు వచ్చేది బకెట్ అయితే కింద దూరి చూడాలి.

ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు మాత్రం మోకాలి లోతు కబుర్లు చెల్లవు. చీరలు, పంచెలు, మోకాళ్ళ నొప్పులు. అసలు మనవాళ్ళలో చాలామంది పడవని ఇసుకెక్కించేది వాళ్ళని పొడికాళ్ళతో దించడానికే. అప్పుడు ఇంజను ఎత్తేసి, నెమ్మదిగా తేలుతూ వచ్చి, ముక్కు ఒడ్డుకి ఆనించి, చెయ్యి పట్టుకుని దించండి. అత్తగారిని అలాగే దించాం. అందరూ దిగగానే మా బావమరిది ముక్కుని వెనక్కి తోసి, మళ్ళీ మోకాలి లోతులో లంగరు వేసి, ప్యాంటు తడుపుకుంటూ పులిహోర దగ్గరికి వచ్చాడు.